ఏలిక లేని సహకారం, కాదనగల హక్కు: రామగిరి బొగ్గుగని ప్రాంతం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పాలకులు లేని సమాజంలో మనుషులు ఒకరిపై ఒకరు దాడికి దిగకుండా, స్వచ్ఛందంగా సహకరించుకొని జీవించగలరా అన్నది రాజనీతిలో పాత ప్రశ్న. తెలంగాణ ఉద్యమ సాహిత్యం, కరీంనగర్ రైతాంగ పోరాటాలు, సింగరేణి కార్మిక జీవితం ఈ ప్రశ్నకు తమవైన సమాధానాలు ఇచ్చాయి. రామగిరి, గోదావరిఖని పరిసరాలను కేంద్రంగా తీసుకొని ఆ సమాధానాల బలాన్నీ పరిమితినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సహకారం స్వచ్ఛందమా కాదా అని తేల్చే గీటురాయి కలిసి పనిచేయడంలో లేదని, కాదనగలగడంలో ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అరాజకం, పరస్పర సహాయం, సాంఘిక బహిష్కరణ, సింగరేణి, సమ్మె, కాదనే హక్కు.

1. ఉపోద్ఘాతం

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో రెండు కట్టడాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బేగంపేట గ్రామం వద్ద కొండమీద శిథిలమైన రామగిరి ఖిల్లా. రెండవది ఆ కొండ పరిసరాల్లో నేలకింద విస్తరించిన సింగరేణి బొగ్గుగనులు. ఖిల్లా ఏలికల గుర్తు. కొండపైనుంచి చూసేవాడు, కింద పన్ను కట్టేవాడు అనే సంబంధం దాని రాళ్లలో కనిపిస్తుంది. గనిలో ఆ సంబంధం వేరు రూపం తీసుకుంటుంది. అక్కడ యజమాని ఉన్నాడు, చట్టం ఉంది, అధికారుల శ్రేణి ఉంది. అయినా పని జరిగే చివరి చోట, దీపపు వెలుగు చేరినంత మేర, పక్కవాడి హెచ్చరికే చాలాసార్లు తొలి రక్షణ.

ఈ కారణంగా పాలకులు లేని సమాజం గురించిన చర్చకు రామగిరి ప్రాంతం తగిన పరీక్షాస్థలం. సాధారణంగా ఈ చర్చ రెండు దారుల్లో సాగుతుంది. ఒకటి, రాజ్యం అంతరించిన తరువాతి భవిష్యత్తును ఊహించడం. రెండు, రాజ్యం పుట్టకముందటి గతాన్ని ఊహించడం. వర్తమానంలో, అధికారపు నీడలోనే, మనుషులు ఆజ్ఞ లేకుండా ఎక్కడ సహకరించుకుంటున్నారు, ఆ సహకారం ఎంతవరకు స్వేచ్ఛాయుతం అన్న ప్రశ్న మాత్రం తెలుగు విమర్శలో తక్కువగా వినిపిస్తుంది. ఈ వ్యాసం దృష్టి దానిమీదనే.

2. అరాజకం: మాటకు రెండు చరిత్రలు

వ్యుత్పత్తి ప్రకారం 'అరాజకం' అంటే రాజు లేని స్థితి. వాడుకలో మాత్రం అది అల్లకల్లోలానికి పర్యాయపదం. రాజు లేకపోవడం నుంచి అల్లకల్లోలం దాకా జరిగిన ఈ అర్థవిస్తరణ వెనుక బలమైన సాహిత్య సంప్రదాయం ఉంది. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో దశరథుని మరణానంతరం రాజు లేని రాజ్యంలో వాన కురవదని, పంట పండదని, ఎవరి సొత్తుకూ రక్షణ ఉండదని వరుసగా వర్ణన సాగుతుంది. రాజు కావాలని చెప్పేందుకు భయాన్ని ఇంత క్రమబద్ధంగా పేర్చిన ఘట్టం అరుదు.

వ్యాసభారతం శాంతిపర్వంలో ఇందుకు భిన్నమైన జ్ఞాపకం ఉంది. తొలినాళ్లలో రాజ్యం లేదు, రాజు లేడు, దండన లేదు, దండించేవాడూ లేడు. ప్రజలు ధర్మంతోనే ఒకరినొకరు రక్షించుకున్నారు అని భీష్ముడు చెబుతాడు. ఆపైన మోహం, లోభం ప్రవేశించి ఆ స్థితి చెడిందని వివరిస్తాడు. అదే పర్వంలో మరోచోట, రాజు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగినట్లు బలవంతుడు బలహీనుణ్ణి మింగుతాడన్న వాదమూ ఉంది. ఒకే గ్రంథంలో రెండు వాదాలూ నిలిచాయి. లోకవాడుక మాత్రం రెండవదాన్నే నిలుపుకొంది.

ఆధునిక కాలంలో ఆ మొదటి జ్ఞాపకాన్ని తిరిగి ముందుకు తెచ్చినవారిలో గాంధీ ఒకరు. 1931లో 'యంగ్ ఇండియా'లో ఆయన ప్రతి మనిషీ తనకు తానే పాలకుడయ్యే వివేకవంతమైన అరాజక స్థితిని ఆదర్శంగా పేర్కొన్నాడు. ఆ ఆదర్శపు బరువంతా వ్యక్తి ఆత్మనిగ్రహం మీద ఉంది. పొరుగువాడికి హాని చేయకుండా ఉండటం వ్యక్తి గుణమా, లేక మనుషుల మధ్య నిర్మాణమైన కట్టుబాటా అన్నది అక్కడ తేలకుండా మిగిలింది. ఆ తేడాను చూపడానికి ఆదర్శం నుంచి ఊరి అనుభవంలోకి రావలసి ఉంటుంది.

3. దొర లేని ఊరు: పాట, బహిష్కరణ

గోదావరికి ఆవలి ఒడ్డున, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో పుట్టిన గూడ అంజయ్య రాసిన 'ఊరు మనదిరా' పాట తెలంగాణ పల్లెల్లో విస్తృతంగా ప్రచారం పొందింది. ఆ పాట వాదనాక్రమం గమనార్హం. రాబోయే సమాజాన్ని అది వర్ణించదు. ఉన్న ఊరినే లెక్కగడుతుంది. పనిముట్లు ఎవరివి, శ్రమ ఎవరిది అని ఒక్కొక్కటే ఎంచి చూపి, ఈ లెక్కలో దొర అవసరం ఎక్కడుందని నిలదీస్తుంది. మరోమాటలో, పాలకుడు లేని సహకారం ఊళ్లో ఇప్పటికే ఉందని, పాలకుడు దానిమీద వచ్చి కూర్చున్నాడని పాట నిరూపణ. శాంతిపర్వం గతంలో చూసినదాన్ని ఇది వర్తమానంలో చూస్తుంది.

ఈ నిరూపణ బలమైనదే గాని అందులో ఒక ఖాళీ ఉంది. ఊరి శ్రమ విభజన కులవిభజన కూడా. చాకలి, మంగలి, మాదిగ, కుమ్మరి పనులు ఊరిని నడిపాయన్నది నిజం. ఆ పనులు ఎవరు చేయాలో పుట్టుకే నిర్ణయించిందన్నదీ అంతే నిజం. వెట్టిలో దొర గడికి చేసిన చాకిరీ బలవంతమని వెంటనే తెలుస్తుంది. ఊరికి చేసిన చాకిరీ స్వచ్ఛందమేనా అన్నది 'మన' అనే సర్వనామం వెనుక మరుగున పడుతుంది. దొర పోయాక కూడా 'ఈ పని నేను చేయను' అనగలిగినవాడికే ఊరు నిజంగా తనదవుతుంది.

ఈ తేడాను చరిత్ర స్వయంగా చూపింది. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర కాలంలో కరీంనగర్ జిల్లా పల్లెల్లో దొరలపై సాంఘిక బహిష్కరణ అమలైంది. బట్టలు ఉతకడం, క్షవరం, పాలేరుతనం, ఇంటిపని ఆగిపోయాయి. ఒక్క దెబ్బ కొట్టనవసరం లేకుండా గడి ఒంటరిదైంది. ఆ సంవత్సరమే అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పని మానుకోవడం పాలకులకు ఎంత పెద్ద ధిక్కారంగా కనిపించిందో ఆ ప్రకటన తెలుపుతుంది. 'కొలిమంటుకున్నది' (1979) మొదలైన నవలల్లో అల్లం రాజయ్య చిత్రించిన కరీంనగర్ పల్లె ఈ నేపథ్యంలోనిదే.

అయితే బహిష్కరణ అనే ఆయుధం తెలుగు పల్లెకు కొత్తది కాదు. హక్కులు అడిగిన దళితులకు నీళ్లు, కూలిపని, కిరాణా సరుకులు నిలిపివేసిన సందర్భాలు అనేకం. రూపం ఒక్కటే: సంబంధం తెంచుకోవడం. దాడి చేయకూడదు, ఇష్టం లేని సంబంధం ఎవరిమీదా రుద్దకూడదు అన్న సూత్రాన్ని మాత్రమే కొలబద్దగా తీసుకుంటే, దొరను చాకలి వదిలివేయడం, దళితవాడను ఊరు వెలివేయడం రెండూ ఒకే తీరు చర్యలుగా తేలుతాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చడం ఈ సూత్రపు చాలమిని గుర్తించడమే. మొదటి సందర్భంలో అంతవరకు కాదనలేని వాళ్లు తొలిసారి కాదన్నారు. రెండవ సందర్భంలో ఎప్పుడూ కాదనగల వాళ్లు కాదనలేనివాళ్ల బతుకుదారిని మూసివేశారు. చర్యల రూపం ఒకటైనా నైతిక స్వభావం వేరు.

4. బొగ్గుబాయి: ఆజ్ఞ చేరని చోటి కట్టుబాటు

ఊరి నుంచి గనికి వచ్చిన మనిషి వెంట ఈ ప్రశ్న కూడా వచ్చింది. గోదావరిఖని ప్రాంతపు తొలితరం కార్మికుల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి, దొరల కింద నలిగిన కులాల నుంచి వచ్చినవారే. తట్టా చెమ్మస్ పట్టిన కోల్ ఫిల్లర్లు జట్లుగా టబ్బులు నింపేవారు. షాట్‌ఫైరర్ పేల్చిన బొగ్గు మీదికి అడుగుపెట్టే ముందు పైకప్పును గడ్డపారతోనో కర్రతోనో తట్టి చప్పుడు వినడం, డొల్ల చప్పుడు వస్తే వెనక్కి రమ్మని పక్కవాణ్ణి కేకవేయడం, టింబరు నిలబెట్టేటప్పుడు మరొకడు పట్టుకోవడం ఈ పనిలోని భాగాలు. వీటిలో కొన్నింటిని చట్టం నిర్దేశించింది. మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ బాధ్యతలు నిబంధనల్లో ఉన్నాయి. కాని సర్దార్ మరో చోటికి వెళ్లిన ఘడియలో కప్పు చప్పుడు వినేది పక్కవాడే. ఆ వినికిడికి వేతనపట్టికలో వేరే పద్దు లేదు.

రష్యన్ ఆలోచనాపరుడు క్రొపోట్కిన్ 1902లో గ్రంథరూపంలో వెలువరించిన 'పరస్పర సహాయం' రచనలో, గనిలో చిక్కుకున్న తోటివారికోసం ప్రాణాలకు తెగించిన కార్మికులను ఉదాహరిస్తాడు. సహకారం మనిషి స్వభావంలో ఉందని, రాజ్యం దానికి మూలం కాదని ఆయన వాదం. ఈ వాదానికి మరింత సూక్ష్మమైన ఆధారం ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ అనే పరిశోధకులు 1951లో ఇంగ్లండు బొగ్గుగనులపై ప్రచురించిన వ్యాసంలో కనిపిస్తుంది. బామ్‌ఫోర్త్ స్వయంగా గని కార్మికుడిగా పనిచేసినవాడు. పాత చేతిపని పద్ధతిలో చిన్న జట్లు తమ సహచరులను తామే ఎంచుకొని, పనంతటినీ తామే నడుపుకొన్నాయని, లాంగ్‌వాల్ పద్ధతి వచ్చి పనిని ముక్కలు చేసి మూడు షిఫ్టులకు పంచాక ఆ జట్లు చెదిరి, ఒక షిఫ్టు మరో షిఫ్టును నిందించే వాతావరణం ఏర్పడిందని వారు చూపారు. లాంగ్‌వాల్ యంత్రాలతో నడిచే అడ్రియాల గని రామగిరి ప్రాంతంలోనే ఉన్నందున ఈ పరిశీలన ఇక్కడి పరిశోధకులకు దూరపు విషయం కాదు. యంత్రం శారీరక కష్టాన్ని తగ్గించింది. దానితోపాటు ఎవరి చెంత ఎవరు నిలబడాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతికి వెళ్లిందన్నది పరిశీలించవలసిన అంశం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పాత జట్టును ఆదర్శీకరించరాదు. గనిలోని ఆప్యాయతకు ప్రేమతోపాటు భయమూ పునాది. పక్కవాడి పొరపాటు తన ప్రాణం తీస్తుందని ఎరిగిన మనిషి సహకరించడం స్వభావమే గాని, అది పూర్తిగా ఎంపిక కాదు. నింపిన టబ్బుల లెక్కన కూలి వచ్చే చోట డొల్ల చప్పుడు విన్నా ఆగలేని ఒత్తిడి ఉంటుంది. రెండవది, ఆ సహకారంలో లేనివారెవరో గుర్తించాలి. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరం చేసింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు మాత్రం షరతులతో ఆ తలుపు తెరుచుకొంది. బావిలోని సోదరభావం ఇంటి దగ్గర షిఫ్టు ప్రకారం వండి, సైరన్ మోతకు ఉలిక్కిపడి, ఎదురుచూసిన స్త్రీల శ్రమమీద నిలిచినది. ఆ శ్రమకు కాదనే వీలు ఎంత ఉండేదని అడగకుండా గనికార్మిక సంఘీభావాన్ని స్వచ్ఛంద సహకారానికి నమూనాగా నిలపడం సరికాదు.

5. సమ్మె: కలిసి కాదనడం

ఒంటరిగా కాదనలేని కార్మికుడు కలిసి కాదనడమే సమ్మె. వేతనాల చెల్లింపు చట్టంలోని ఒక నిబంధన ఈ సందర్భంలో ఆలోచించదగినది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కొని నోటీసు లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల వరకు వేతనం కోయవచ్చని, ఆ చట్టం 2025లో రద్దయ్యేదాకా, అది చెప్పేది. ఒక్కడు మానేస్తే మానిన రోజుకే కోత. పదిమంది మాట్లాడుకొని మానేస్తే అదనపు శిక్ష. అంటే శిక్ష పడేది గైర్హాజరుకు కాదు, ఒప్పందానికి. 1981లో సింగరేణిలో 56 రోజులపాటు సాగిన సమ్మెకు ఈ ఎనిమిది రోజుల కోతే ప్రధాన కారణం. స్వచ్ఛంద సహకారాన్ని నేరంగా చూసే చట్టానికి ఎదురుగా స్వచ్ఛంద సహకారమే నిలిచిన సందర్భమది.

సమ్మెకాలపు గని మరో విషయాన్ని కూడా చూపుతుంది. నీటిపంపులు, గాలిపంకాలు ఆగితే బావి మునుగుతుంది, విషవాయువు పేరుకుంటుంది. అందుకే సింగరేణి సమ్మెల్లో అత్యవసర సేవల సిబ్బందిని మినహాయించడం ఆనవాయితీ. 2011 సకల జనుల సమ్మెలో గనులు వారాల తరబడి నిలిచిపోయిన తరువాత కార్మికులు తిరిగి దిగింది పనికి వచ్చే బావుల్లోకే. ఉత్పత్తిని ఆపగలిగినవారు బావిని చంపరు. ఆ హద్దు గీసుకోవడానికి యజమానిపై ప్రేమ కారణం కాదు. రేపు తాము దిగవలసిన చోటు అదేనన్న ఎరుక కారణం. ఏలిక లేకపోవడం, కట్టుబాటు లేకపోవడం ఒకటి కావని చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం వెతకనక్కరలేదు. ఉమ్మడి వనరులను వాడుకరులే తమ నియమాలతో కాపాడుకోగలరని 1990లో ఎలినార్ ఆస్ట్రం వివరించిన సిద్ధాంతానికి కూడా ఇది సన్నిహితం.

6. దెబ్బ లేని హాని

అమెరికన్ రచయిత రోత్‌బార్డ్ 1973లో ప్రచురించిన గ్రంథంలో, ఇతరుల దేహంపైగానీ ఆస్తిపైగానీ ఎవరూ ముందుగా బలప్రయోగానికి దిగరాదన్న సూత్రాన్ని రాజ్యరహిత సమాజానికి మూలంగా నిలిపాడు. సూత్రం సరళం. ఒప్పందం కుదిరి, బలప్రయోగం జరగకపోతే అన్యాయం లేదు.

గోదావరిఖని చరిత్ర ఈ సరళతను ప్రశ్నిస్తుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. వారిలో అధికారులూ ఉన్నారు. ఈ మరణాల్లో ఎవరూ ఎవరిమీదా చేయి ఎత్తలేదు. లోపలికి దిగిన ప్రతివాడూ ఉద్యోగ ఒప్పందం మీదనే దిగాడు. దాడి చేయకపోవడమే ధర్మమైతే ఇక్కడ అడగవలసిన ప్రశ్నే మిగలదు. కాని గని ప్రమాదం తరువాత కార్మికవాడ అడిగే మొదటి ప్రశ్న 'ఎవరు కొట్టారు' అన్నది కాదు. 'తెలిసి దింపారా' అన్నది. ఈ రెండవ ప్రశ్నకు చోటివ్వని సూత్రం గనిప్రాంతపు నీతికి చాలదు.

ఒప్పందం మొదటిరోజు సంతకంతో ముగియదు. ప్రతి షిఫ్టులో, ప్రతి కప్పు కింద అది మళ్లీ కుదరాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో ఆమోదించిన 176వ ఒడంబడిక, తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా భావించిన చోటినుంచి తప్పుకొనే హక్కు గని కార్మికునికి ఉందని పేర్కొంది. కాగితం మీది ఈ హక్కు పర్మినెంటు కార్మికునికి, కాంట్రాక్టు కార్మికునికి ఒకే బరువుతో అందదు. రేపటి పని ఇవాళ్టి విధేయత మీద ఆధారపడినవాడు డొల్ల చప్పుడు విన్నా వినలేదంటాడు. అతని సమ్మతిని స్వచ్ఛందమని పిలవడం మాటను దుర్వినియోగం చేయడమే.

7. రాజు పోయిన చోట మరో రాజు

ఇదే గీటురాయిని ధిక్కార రాజకీయాలకూ వర్తింపజేయాలి. కరీంనగర్ పల్లెల్లో, బొగ్గుబావుల్లో దొరతనాన్ని కదిలించిన ఉద్యమాలు క్రమంగా సాయుధ రూపం తీసుకున్నాయి. రాజ్యహింస, ఎన్‌కౌంటర్లు ఆ క్రమాన్ని తీవ్రం చేశాయన్నది చరిత్ర. కాని తుపాకీ తీర్పుచెప్పే చోట పంచాయితీకి వచ్చినవాడు కాదనగలడా అన్న ప్రశ్న కూడా మిగిలింది. ఈ ప్రశ్నను హక్కుల ఉద్యమం లోపలినుంచే వేసినవాడు కె. బాలగోపాల్. రాజ్యహింసను రాజీలేకుండా ఖండిస్తూనే, ప్రజల పేరిట జరిగే హింసనూ విమర్శించాలన్న అవగాహనతో 1998లో మానవహక్కుల వేదిక ఏర్పాటులో ఆయన ముఖ్యపాత్ర వహించాడు. దొర స్థానం ఖాళీ కావడం వేరు, ఆ స్థానమే లేకుండా పోవడం వేరు అన్న ఎరుక ఆ వైఖరిలో ఉంది.

సాహిత్య విమర్శకు ఇందులో ఒక పని ఉంది. అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల ద్వారా ఈ ప్రాంతజీవితం కథగా, నవలగా నమోదైంది. దానిని విమర్శ ప్రధానంగా పోరాట సాహిత్యంగా చదివింది. ఘర్షణ జరిగిన పుటలు ఉదాహరణలుగా ఎక్కి, పని జరిగిన పుటలు నేపథ్యంగా మిగిలాయి. టింబరు ఎవరు పట్టుకున్నారు, వెనక్కి రమ్మని ఎవరు కేకవేశారు, ఎవరు కాదనలేక ముందుకు వెళ్లారు, సంఘం సమావేశంలో భిన్నాభిప్రాయం చెప్పినవాడికి ఏమైంది అన్న కోణంలో ఆ రచనలను మళ్లీ చదవడం పరిశోధకులకు ఫలవంతమైన మార్గం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఆజ్ఞ లేకుండా మనుషులు సహకరించుకోగలరన్నది ఊహ కాదు. ఊరి శ్రమలో, గనిలో, సమ్మెకాలపు కట్టుబాట్లలో అందుకు ఆధారాలున్నాయి. 'అరాజకం' అల్లకల్లోలమే అన్న వాడుక అసంపూర్ణమైనది.

2. అయితే ఆ సహకారం కులం, లింగభేదం, ఆకలి, భయం వంటి ఒత్తిళ్లకు అతీతం కాదు. ఏలిక కనిపించనంత మాత్రాన బలవంతం లేనట్లు కాదు.

3. దాడి చేయకపోవడం అవసరమైన నియమమే గాని చాలినది కాదు. దొరపై బహిష్కరణకు, దళితవాడ వెలికి మధ్య తేడాను, గని ప్రమాదంలోని అన్యాయాన్ని అది చెప్పలేదు.

4. సహకారం స్వచ్ఛందమైనదని చెప్పడానికి అందులో పాల్గొన్న అతి బలహీనుడు నష్టపోకుండా కాదనగలగాలి. ఈ కొలత రాజ్యానికి, యాజమాన్యానికి, ఉద్యమానికి, జట్టుకు, ఇంటికి సమానంగా వర్తిస్తుంది.

రామగిరి ఖిల్లాను ఏలినవారు పోయారు, కోట కూలింది. కొండ కింద ఇప్పటికీ ప్రతి షిఫ్టులో మనుషులు దిగుతున్నారు. వారిలో చివర చేరిన బదిలీ కార్మికుడో కాంట్రాక్టు కార్మికుడో కప్పు తట్టి చూసి 'ఇక్కడ నేను పనిచేయను' అన్న రోజున అతని హాజరు పోకుండా ఉంటే, పాలకులు లేని సమాజం గురించిన సిద్ధాంతాలు ఆశించినదానిలో కొంతైనా అక్కడ నెరవేరినట్లే.